మంచుకి బదులు ఉక్కపోత

ద్వారకానగర్ లైబ్రరీలో, ఆవిష్కరణ సభలో,
మూడో వరసలోంచి ఒక రిటైర్డ్ లెక్చరర్ లేచి అడిగారు:
"విక్టోరియా రాణి కాలం, అందులో మాయ, అందులో హత్య.
మొదటి నవలకే ఇంత దూరం ఎందుకు పోయారమ్మా?"
మైకు కీచుమంది.
నేను పాత గెజిటీర్ల గురించి చెప్పాను,
యూరోపియన్ శ్మశానంలో పేరు అరిగిపోయిన ఒక రాయి గురించి చెప్పాను.
అందరూ తలలూపారు.
రాయి ఉన్న మాట నిజమే.
చెప్పింది మాత్రం అబద్ధం.

కథ మీకు తెలిసే ఉంటుంది, అట్ట వెనక వేశారు:
వాల్తేరు మిట్ట మీద బంగళా, పద్దెనిమిది వందల డెబ్భై నాలుగు,
లోపల్నించి గడియ పెట్టిన గదిలో
సర్వే దొర మునిగి చచ్చిపోయి ఉంటాడు.
తివాచీ పొడి. దీపం కింద కాగితాలు పొడి.
ఊపిరితిత్తుల నిండా సముద్రం.
కలెక్టరు కచేరీకి అంతు చిక్కదు.
పిల్లవాణ్ణి ఎత్తుకునే ఆయా అసిరమ్మ
తలుపు గడియకి నాలిక ఆనించి
ఆ ఇనుము ఏం చూసిందో చెబుతుంది.
ఉప్పు దేన్నీ మరిచిపోదు, అంటుంది.
ఆమె మాట ఎవరు రాసుకుంటారు?
మూడువందల పన్నెండు పేజీలూ అదే గొడవ.

హైదరాబాదు నుంచి ఎడిటరు ఫోను:
"పొగమంచు లేకపోతే ఆ కాలం ఆ కాలంలా ఉండదండీ.
గుర్రబ్బగ్గీ, గ్యాసు దీపం, కాస్త మంచు..."
మావి ఆముదం దీపాలండీ, అన్నాను.
అప్పటికి హార్బరు లేదు, ఓడ దూరంగా ఆగిపోయేది,
మసూలా పడవల్లో దొరసానులు కక్కుకుంటూ ఒడ్డు చేరేవారు.
మంచుకి బదులు ఉక్కపోత రాస్తాను.
కాలరు మెడకి అంటుకునే ఉక్క,
తాళంచెవి వారానికే తుప్పు పట్టే ఉక్క,
ఉత్తరం మీద సిరా పాకి పేరు మారిపోయే ఉక్క.
హంతకుడు దాక్కోడానికి అది చాలదా?
ఆయన నవ్వాడు. ఉంచాడు.

ఇప్పుడు నిజం.
మా అమ్మ పోర్టు ఆఫీసర్ల క్వార్టర్స్‌లో పిల్లల్ని ఎత్తేది.
సాయంత్రం వచ్చి, గుమ్మంలో కూచుని, అరచెయ్యి చాపేది.
నాకు ఆరేళ్ళు. నాలికతో అద్ది చెప్పాలి, అదీ ఆట.
బీచ్‌కి తీసుకెళ్ళావు.
ఇవాళ అంట్లు కూడా నీచేతే తోమించారు.
పాపకి జొరం, భుజం మీంచి దింపలేదు.
ఎలా తెలిసేదో నాకే తెలీదు, సగం ఊహే.
ఆవిడ మాత్రం ప్రతిసారీ "ఓలమ్మో" అని
గుండె మీద చెయ్యేసుకునేది.

ఒకరోజు చెయ్యి చాపలేదు.
పాపకి పాలు పట్టే వెండి ఉగ్గుగిన్నె కనపళ్ళేదట.
మేడమ్ అరవలేదట, తిట్టలేదట,
ఆ నెలలో పనిచేసిన రోజులు లెక్కకట్టి చేతిలో పెట్టి
గేటు దాకా వాచ్‌మన్ని తోడు పంపిందట.
తోడు.
ఎవరూ ఏదీ వెతకలేదు.
ఎవర్నీ నిలబెట్టి అడగలేదు, చివరికి అమ్మని కూడా.
నేరం జరిగిందో లేదో తెలియకుండానే కేసు అయిపోయింది.
ఆ రాత్రి, నిద్రపోతున్న ఆ చేతికి నాలిక ఆనించాను.
ఉప్పగా ఉంది.
ఏమీ చెప్పలేదు.

అందుకండీ మాస్టారూ, అంత దూరం.
దగ్గర్లో ఆవిడకి ఆ ఉద్యోగం దొరకలేదు.
ఆయా ప్రశ్న వేస్తే దొర కుర్చీలోంచి లేచి
జవాబు చెప్పే గది ఒకటి కట్టడానికి
నూట యాభై ఏళ్ళు వెనక్కి నడిచాను,
అక్కడా మాయ కలిపితే గాని గోడలు నిలవలేదు.

అమ్మకి చదువు రాదు. పదకొండు రాత్రులు చదివి వినిపించాను,
జాలారిపేటలో, కరెంటు పోయిన రెండు రాత్రులు ఫోను వెలుగులో.
దొర చచ్చాడంటే "పోన్లే" అంది.
అసిరమ్మ గెలిస్తే ఏమీ అనలేదు, వక్క కొరికింది.
ఆఖరి పేజీ అయింది. పుస్తకం మూశాను.
చాలాసేపటికి, గోడవైపు తిరిగి పడుకుని:
"ఒలే, మరి ఆ గిన్ని దొరికిందేటి?"

నవలలో గిన్నె లేదు.
మూడువందల పన్నెండు పేజీలు.
ఎక్కడా లేదు.